మేనా పక్కన బోర్డు

"నడిమిరకమా? మా మేనా నడిమిరకమా?"

కృష్ణవేణమ్మ కేకకు కల్యాణమండపమంతా తిరిగి చూసింది. మైదుకూరులో కొడుకు కట్టించిన ఆ మండపానికి ఆ రోజే ప్రారంభం. గుమ్మం పక్కన ఇంట్లోని పాత మేనాకు రంగులేసి నిలబెట్టారు. కోడలు తనూజ పంతులమ్మ కదా, ఊరుకుంటుందా, దానికో బోర్డు రాయించింది: 'మేనా. పారసీలో మియానా అంటే మధ్యది. డోలీ కంటే పెద్దది, పల్లకి కంటే చిన్నది.'

"సాయిబుల మాటంట! పైగా నడిమిదంట! మేనమామ పంపిస్తాడు కాబట్టి మేనా. మా అమ్మ చెప్పింది. నీ పుస్తకాలు మా యమ్మ కంటే ముందు పుట్టినాయా?"

"శానా ముందే పుట్టినాయత్తా" అంది తనూజ.

చుట్టాలు కిసుక్కుమన్నారు. కృష్ణవేణమ్మకు ఒళ్లు భగ్గుమంది.

"చిన్న ఈరన్నను పిల్చుకోని రాండి! వాళ్ల నాయన మా మామను ఈ మేనాలోనే మోసినాడు. ఆయప్పే చెప్తాడు."

ఎనభై దాటిన ఈరన్నను భోజనాల బంతిలోంచి లేపుకొచ్చారు. పాపం, చేతికంటిన పప్పయినా కడుక్కోనివ్వలేదు. బోర్డు చదివి వినిపిస్తే తలూపాడు.

"పాప రాసింది సరిగానే ఉండాది కదమ్మా. డోలీలో రోగిష్టోళ్లు, పల్లకిలో దొరలు. ఇది నడిమిది. మా నాయన అట్లనే చెప్తాండె."

"మాట సంగతి అట్ల పెట్టు! మా మామ దీంట్ల ఎంత దర్జాగా పోతాండెనో, అది చెప్పు."

ఈరన్న నేల చూపులు చూశాడు. "ఇప్పుడెందుకులేమ్మా."

"ఎందుకా? నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల మా వంశాన్ని నడిమిది చేసి బోర్డు పెడితే నోరు మూసుకోవాల్నా? రేయ్, మైకు ఈయండ్రా ఈయప్పకు! ఊరంతా ఇనాల!"

మైకు నోటి దగ్గరికి వచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదు. ఈరన్న గొంతు సవరించుకున్నాడు.

"గంజి కరువప్పుడు నాకు పదేండ్లు. నొప్పులు పడతాండే ఒక షావుకారమ్మను ఈ మేనాలోనే కడప ఆసుపత్రికి చేర్చినారు. ఆయమ్మ కాడ రూకల్లేక, కూలి కింద ఎనక మోసిన మా నాయనకు మేకను, ముందు మోసిన మీ మామకు ఈ మేనాను ఇచ్చిపోయిందమ్మా."