పియానోకి తాళం

అక్కా, నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకు. ఫోను మీ మరిది లాగేసుకున్నారు, అందుకే ఉత్తరం.

ఆయన పియానో మీద వాయించే ఆ పాత శాస్త్రీయ సంగీతాన్ని, ఆయన పనికి వెళ్లాక నేనూ వాయించి చూస్తున్నానని చెప్పాను కదా. ఎలా ఉందో చెప్పమని ఊళ్లోని పెద్ద పియానో మాస్టారికి ఫోనులో ఒక రికార్డింగు పంపాను. నిన్న భోజనాల దగ్గర జవాబు వచ్చింది. ఫోను ఆయన చేతికి చిక్కింది. అందరికీ వినిపించారు.

"అమ్మా, ఎడమచెయ్యి కుంటిగుర్రం. కుడిచెయ్యి దాన్ని వదిలేసి పారిపోతోంది. ఇది నేర్పితే బాగుపడేది కాదు. వినేవాళ్ల మీద జాలుంటే మూత వేసెయ్యండి."

నవ్వాపుకోలేక అత్తయ్యకు పొలమారింది. "నాలుగో తరగతి చదివినదానికి పియానో కావాల్సొచ్చిందా!"

"రికార్డింగు కూడా పెట్టరా" అన్నారు అత్తయ్య మళ్లీ.

"వద్దమ్మా, నా చెవులు నాక్కావాలి. మాస్టారు అన్నారంటే అక్షరం పొల్లుపోదు. విన్నావా, కుంటిగుర్రమా?" అంటూ ఆయన పియానోకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

నేను కంచాలు తీసేశాను. నాది పంపడానికి ధైర్యం చాలలేదక్కా. ఆయన్ని చూసే కదా నేర్చుకుంటున్నాను, ముందు ఆయనది బాగుందంటే చాలనుకున్నాను. తలుపు చాటున నిలబడి, ఆయన వాయిస్తుంటే తీసి పంపాను.

ఆదివారం అదే మాస్టారి ముందు ఆయన వాయించబోతున్నారు. నన్నూ రమ్మన్నారు, చూసి సిగ్గు తెచ్చుకోవడానికట.

చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్యక్కా.