ముందుగదిలో అడవి

"ఎలుగుబంటి అలా నవ్వదు. మళ్ళీ రా," అన్నాడు తండ్రి.

సోఫా వెనక మోకాళ్ళ మీద ఉన్న బావమరిది నవ్వు ఆపుకున్నాడు. మోకాళ్ళు అరిగిపోతున్నాయనీ, అయినా జంతువుల పార్కులో ఎలుగుబంటి కందకానికి అవతల ఉంటుంది గానీ ఇలా మీదికి రాదనీ సణుగుతూ మళ్ళీ వెనక్కి పాకాడు.

ఆదివారం అందరూ కలిసి వెళ్ళాలనుకున్న పార్కు అది. ముందంతా పూలతోటలు, వాటి వెనక జంతువులు. ఆరేళ్ళ పాప నెలల తరబడి ఒక్క మాట మాట్లాడలేదు. గొంతులో ఏ లోపమూ లేదని డాక్టరు తేల్చాడు. నలుగురిలోకీ తీసుకెళ్ళండి, కానీ బెదరనివ్వకండి, బెదిరితే ఇంకా లోపలికి ముడుచుకుపోతుంది అన్నాడు.

ఆఫీసుల్లో ఫైర్ డ్రిల్లులు చేయించడం తండ్రి ఉద్యోగం. ఎక్కడా నిప్పు లేకుండానే గంట మోగించి, జనాన్ని మెట్ల మీదుగా కిందికి దింపుతాడు. ముందొకసారి చేసి చూసుకున్నదానికి మనిషి భయపడడని అతని నమ్మకం. అందుకే ఈ పూట ముందుగది పార్కయింది. గుమ్మం దగ్గర స్టూలు టికెట్ల కౌంటరు. భోజనాల కుర్చీలు బోర్లిస్తే కంచె. బాల్కనీలోంచి తెచ్చిన కుండీల మధ్య నాన్నమ్మ కూర్చుంది. తోటా ఆవిడే, తోటమాలీ ఆవిడే. తల్లి చెయ్యి పట్టుకుని పాప ఆగమన్నచోట ఆగుతూ, చూడమన్నవైపు చూస్తోంది. ముఖంలో మాత్రం ఏమీ లేదు.

ఎలుగుబంటి మళ్ళీ వచ్చింది. ఈసారి నిజంగానే గుర్రుమంది. తల్లి గభాలున పాపని దగ్గరికి లాక్కుంది.

"లాగకు. నువ్వు బెదిరితే పాప బెదురుతుంది," అన్నాడు తండ్రి.

"నేనేం బెదరలేదు."

"నీ చెయ్యి చూసుకో, ఎలా బిగించావో."

"నా చేతులు ఎలా పెట్టుకోవాలో కూడా మీరే చెప్పాలా? ఇది మీ ఆఫీసు కాదు."

గోరంతని కొండంత చెయ్యొద్దని నాన్నమ్మ కుండీల మధ్య నుంచి కొడుకుని మందలించింది. అతను వినిపించుకోలేదు. బావమరిది లేచి, ప్యాంటు దులుపుకుని, వదిలెయ్యమని అక్కకి సైగ చేశాడు. అక్క వదల్లేదు. పాప ఇలా అయిపోయింది మీ అరుపుల వల్లేనని ఆమె, నీ ఏడుపుల వల్లేనని అతను. మాటలు పార్కు దాటి, ఆదివారం దాటి, పెళ్ళయిన కొత్తల దాకా వెనక్కి నడిచాయి. పాప వింటుందని ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. ఆ తగ్గించిన గొంతులు అరుపుల కన్నా పదునుగా తగులుతున్నాయి.

"అసలు ఆదివారం వద్దు. ఎక్కడికీ వద్దు," అంది తల్లి.

"నువ్వు రాకపోతే మానెయ్. దాన్ని నేను తీసుకెళ్తాను."

"గడప దాటించండి చూద్దాం."

అతను విసురుగా వెనక్కి తిరిగాడు. స్టూలు కాలికి తగిలి దభీమని పడింది. ఆ చప్పుడుకి నాన్నమ్మ కళ్ళు మూసుకుంది. బావమరిది కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. అందరిలోనూ ఎలుగుబంటి మొహమే పాలిపోయి ఉంది.

అప్పుడు తల్లి చెయ్యి వదిలింది పాప. బోర్లించిన కుర్చీల చుట్టూ, దారి ఎటు ఉందని చెప్పారో అటే నడిచి, తండ్రి దగ్గరికి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. పెదవులు కదిలాయి. గాలే తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ కదిలాయి.

తండ్రి నేలమీద చతికిలబడ్డాడు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటమ్మా? చెప్పు తల్లీ, చెప్పు," అన్నాడతను, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా.

పాప గది అంతా ఒకసారి చూసింది. నాన్నమ్మని, మామయ్యని, అమ్మని. తర్వాత అతని చెవి దగ్గరికి వంగింది.

"ఇక్కడ బాలేదు నాన్నా. మనింటికి వెళ్ళిపోదాం."