ఎడమకు లాగిన కారు

అక్కా, ఆయనను అహోబిలం స్వామే పిలుచుకున్నాడని నువ్వూ రాశావు. అది చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఒక తెల్లదొర అమ్మిపోయిన మా పాత రేసు కారు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయేటప్పుడు ఎడమకు, అహోబిలం వైపు లాగేది.

"మెకానిక్‌కు చూపిస్తా," అన్నారు ఆయన.

"స్వామి పిలుస్తాండాడు. ముందు దర్శనం చేసుకొని రాండి," అన్నాను.

తిరిగి వస్తూ ఆయన కారుతో సహా వాగులో పడ్డారు.

తర్వాత మెకానిక్ కాశీం ఆ కారు కిందికి దూరి చూశాడు. "ఎడమ చక్రం మీద బరువు మోసే స్ప్రింగు, ఆ కమాను పట్టీ ఎప్పుడో విరిగిందమ్మా. విరిగినకాడ పాత తుప్పుంది. నంద్యాలకు తిరిగొచ్చేటప్పుడు యా పక్కకు లాగేది?"

"ఎడమకే," అన్నాను.

నంద్యాలకు వచ్చేటప్పుడు అహోబిలం కుడి పక్కన ఉంటుంది.

ఈ కాగితం దాచిపెట్టు, పిల్లలకు చూపొద్దు. స్వామి పిలిచాడని వాళ్లకు చెప్పింది నేనే.