పడగ్గదిలో సంపు

“ఛీ ఛీ, గోడకు పెట్టకు దాన్ని!” అన్నాడు మదన్ మోహన్ సారు, నిస్సి తన డ్రాయింగ్ షీటు విప్పకముందే. “ముందుగాల ప్రింట్లన్నీ అయిపోనీ. పెన్సిల్ మసి చేతికంటితె నాకు అన్నం సయించది.”

క్లాసంతా గొల్లుమంది. నిస్సికి ఒళ్ళు మండిపోయింది. షీటు చుట్టను చంకలో పెట్టుకుని గోడవారగా నిలబడింది.

డిజైన్ డిప్లొమా పిల్లలందరూ తలా ఒక ఇంటి ప్లాన్ గీసి తేవాల్సిన రోజది. సారు టేబుల్ మీద నిస్సి ఫారం కూడా ఉంది. ఆఖరి ప్రాజెక్టు చేత్తో గీస్తారా, కంప్యూటర్లో గీస్తారా అని అందులో రెండు గడులు. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని కంప్యూటర్ గడిలో టిక్కు కొట్టేశారు. చేత్తోనే గీస్తానని పట్టుబట్టింది నిస్సి ఒక్కతే. “ఈ ప్లాన్‌కు యాభైకి నలభై తెచ్చుకో, నీ ఇష్టమొచ్చినట్టు గీసుకో. లేకుంటె నోర్మూసుకొని కంప్యూటర్ ముంగట కూసో,” అని సారు షరతు పెట్టాడు.

అక్కడి నుంచే గోడ మీది ప్రింట్లను ఒక్కొక్కటే చూసింది. ఇళ్ళా అవి? నెట్‌లో దొరికిన ప్లాన్‌ను దించుకుని, పేరు మార్చి, రంగులద్ది తెచ్చారు. మూడు ఇళ్ళలో ఫ్రిజ్ ఒకే మూల నిలబడి ఉంది. ఒక ప్రింటు మీద ఎవరో బెంగళూరాయన పేరు చెరపడం కూడా మరిచిపోయారు. సారు దానికీ ముప్పై ఎనిమిది వేసి, “గీతలు మస్తు నీట్‌గున్నయ్,” అన్నాడు.

తర్వాత అనూప్ ప్రింటు ముందు ఆగిపోయాడు.

“అబ్బ! ఇల్లంటె గిట్లుండాలె!”

నిస్సి తలెత్తి చూసింది. వంటింట్లో నిలబడితే చర్చి శిఖరం కనిపించేలా కిటికీ. నానమ్మ మోకాళ్ళను తలచుకుని తక్కువ ఎత్తులో వేసిన నాలుగు మెట్లు. గీత గీతా తనదే! వారం కిందట క్యాంటీన్లో “జర చూస్త, ఇయ్యవా?” అని ఇదే అనూప్ తన షీటు అడిగి తీసుకున్నాడు. చూస్తూ చూస్తూ చాయ్ గ్లాసు తెచ్చి దాని మీదే పెట్టాడు. “నీ చెయ్యి మస్తుంది, ఒక ఫోటో తీసుకుంట,” అంటే పొంగిపోయి తీసుకోనిచ్చింది. చాయ్ మరక ఎంత రుద్దినా పోలేదు. షీటు మళ్ళీ గీసే వ్యవధి లేక అలాగే తెచ్చింది.

“పడగ్గదిల గీ గుండ్రమేంది అనూప్?” అడిగాడు సారు.

అనూప్ తన ప్రింటును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఫోటో ఇస్తే గీతలన్నీ తనే గీసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడికి తెలుసు గానీ, ఆ గుండ్రం సంగతి తెలియదు.

“సంపు సార్.”

“పడగ్గదిలనా?”

“కింద నీళ్ళుంటె రూమ్ సల్లగుంటది సార్. ఎండకాలం ఏసీ అక్కెర్లే.”

“శభాష్! గిదీ దిమాక్ అంటె!” సారు నలభై ఎనిమిది వేశాడు.

నిస్సికి కంపరమెత్తింది. వీడి దొంగతనం ఒక రోత అయితే, ఆ శభాష్ ఇంకా పెద్ద రోత. ఆగలేక ముందుకు వచ్చి తన షీటు టేబుల్ మీద పరిచింది.

“సార్, గది నా ప్లాన్! క్యాంటీన్ల ఫోటో తీసుకొని దించిండు.”

“అబద్ధం సార్,” అన్నాడు అనూప్.

సారు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. “రెండూ ఒక్కతీరే ఉన్నయ్. నీదే అసలుదని ఎట్ల చెప్తవ్? వాని ఫైలుకు కంప్యూటర్ల తారీఖుంటది. నీ కాగితానికి ఏముంది?”

“చాయ్ మరకుంది సార్!”

ప్రింటును గోడ మీద నుంచి పీకింది. తన షీటును దాని మీద పెట్టి, రెండింటినీ కిటికీ అద్దానికి అదిమి పట్టింది. ఎండ వెలుగులో గోడ మీద గోడ, తలుపు మీద తలుపు కూర్చున్నాయి. పడగ్గదిలో గోధుమ రంగు మరక మీద అనూప్ గారి సంపు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

“చూడుండ్రి సార్. నా షీటు మీద చాయ్ గ్లాసు పెట్టింది ఈయననే. గా మరకనే ఈయన సంపు! పడగ్గదిల సంపు ఎవరన్న పెట్టుకుంటరా సార్?”

అనూప్ తల వంచుకున్నాడు. సారు కళ్ళజోడు సవరించుకుని ఆ రెండు గుండ్రాలనూ చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం ముడుచుకుపోయింది, తినే అన్నంలో పురుగు కనిపించినట్టు. హమ్మయ్య, ఇప్పటికైనా అర్థమైంది అనుకుంది నిస్సి. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

సారు కుర్చీలో కూర్చున్నాడు. ఫారం దగ్గరికి లాక్కుని, ఎర్ర పెన్నుతో కంప్యూటర్ గడిలో టిక్కు కొట్టాడు.

“సార్!”

“ఛీ, మాట్లాడకు! కాపీ కొట్టెటోళ్ళను మస్తు మందిని చూసిన గని, నీ అంత బద్ధకస్తురాలిని చూడలే. పిలగాడు గంత కష్టపడి సంపు గీస్తె, నువ్వు చాయ్ గ్లాసుతోని ముద్ర గుద్దినవా?”