ముందు బరువు

ట్రాక్టర్ ముక్కు మీద ఆమె కూర్చుంది, వీపు రేడియేటర్ జాలీకి ఆనించి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని.

వెనక ట్రాలీలో నలభై రాతి పలకలు.

క్వారీ మేస్త్రీ చివరి పలక సర్దించి చేతులు దులుపుకున్నాడు. "వదినా, నువ్వెక్కందే ఈ బండి కదలదా?"

"నేను దిగితే మీ అన్న గాల్లో నడుపుతాడు," అంది ఆమె.

అందులో అబద్ధం లేదు. వెనక అంత బరువుంటే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందుకాళ్ళు లేపుతుంది. అందుకే ముక్కుకు ఇనప దిమ్మలు బిగిస్తారు. స్టీరింగు దగ్గరున్న ఆమె భర్త దిమ్మలు ఏడేళ్ళుగా షెడ్డులో తుప్పు పడుతున్నాయి.

ఏడేళ్ళ కిందట, దిమ్మలు విప్పి ఉన్న రోజున, సరదాకి ఆమె ఎక్కి కూర్చుంది. బండి బుద్ధిగా ఎత్తు ఎక్కేసింది. అంతే, అలవాటైపోయింది.

మెకానిక్ మాత్రం చూసినప్పుడల్లా తిట్టేవాడు. "నలభై పలకల లెక్క దిమ్మలున్న బండికి చెప్పింది. ఇనుము తూకం ఎప్పుడూ ఒకటే. మనిషి తూకం అలా నిలబడదయ్యా."

"మా ఆవిడ సంగతి నీకు తెలీదు. తగ్గే రకం కాదు," అనేవాడు అతను.

ఆమె చేతికందింది ఏదో ఒకటి విసిరేది.

ఎత్తు మొదలైంది. ఎడమ పక్క మట్టిగట్టు. కుడి పక్క నీళ్ళు నిండిన పాత క్వారీ గుంట.

సగం దూరం బాగానే ఎక్కింది.

అప్పుడు స్టీరింగు తేలికైంది.

పిల్లల బొమ్మబండి స్టీరింగులా ఎటు తిప్పితే అటు ఊరికే తిరిగింది. బండి తిరగలేదు.

ఇందాకటిదాకా ఆమె తల అవతల రోడ్డు కనిపించేది. ఇప్పుడు ఆకాశం కనిపిస్తోంది.



"దూకనా?" అని అరిచింది ఆమె.

"వద్దు! దూకావంటే బండి తిరగబడుద్ది! పట్టుకో!"

ఆ మాట భార్యకు చెప్పాడో, దిమ్మకు చెప్పాడో అతనికే తెలియలేదు.

క్లచ్ తొక్కాడు. ముందు చక్రాలు దబ్బున నేలకు కొట్టుకున్నాయి. ఆమె ఎగిరిపడి, మళ్ళీ కమ్మీని కరుచుకుంది.

బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. చక్రాలు ఆగాయి గానీ జారుడు ఆగలేదు. నలభై పలకలూ కలిసి కాలు పట్టుకుని లాగుతున్నాయి.

బ్రేకు వెంట్రుకవాసి వదిలి, ట్రాలీ తోక గట్టు వైపు తిరిగేలా స్టీరింగు కట్ కొట్టాడు.

ట్రాలీ మట్టిలో కూరుకుని ఆగింది.

ఏదో రాయి ఒకటి దొర్లుకుంటూ గుంటలోకి పోయింది. నీళ్ళ చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది.

ఇంజను ఆపాడు. వేళ్ళు స్టీరింగు నుంచి ఊడి రావడానికి కాసేపు పట్టింది.

వెనక్కి వెళ్ళి చూశాడు. పలకలు నలభై. ఒక్కటీ జరగలేదు. బరువంతా ఇరుసు మీద, కొక్కెం మీద ఉండాల్సినంతే. పిన్ను అదే కన్నంలో ఉంది. టైర్లలో గాలి ఉంది.

అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి.

మరి ఎందుకు లేచింది? పలకలు నలభై ఇక్కడే ఉంటే గుంటలో పడిందేమిటి?

ముందుకు వచ్చాడు. ఆమె ఇంకా దిగలేదు. ట్రాక్టర్ ముందు రోడ్డు మీద నున్నటి ఏటిరాళ్ళు నాలుగు పడి ఉన్నాయి. ఒక్కోటి రెండు కిలోలుంటుంది.

క్వారీలో అలాంటివి దొరకవు. వాళ్ళ పెరట్లో పూలమడి చుట్టూ ఉంటాయి.

"దిగు," అని నడుం పట్టుకున్నాడు.

ఎప్పుడూ కాళ్ళు రెండూ తన్నిపెట్టి, "అమ్మో, నా నడుం పోయింది" అని ఊరంతా వినబడేలా అరిచి మరీ దించేవాడు.

ఇప్పుడు కోటు బరువుగానే ఉంది. లోపల మనిషే లేదు.

అది అతని పాత కోటు. చలికాలంలో వేసుకుంది. ఎండలు ముదిరినా ఎందుకు విప్పడం లేదో అతను ఒక్కసారీ అడగలేదు.

కుడి జేబులో అయిదు రాళ్ళున్నాయి. ఎడమ జేబు చిరిగి వేలాడుతోంది.

"ఏమిటే ఇది?"

ఆమె చిరుగును అరచేత్తో మూసింది. "ఇవాళ ఇంకో రెండు పెట్టుకోవాల్సింది. అంత బరువుతో ఇంటి మెట్లు దిగలేకపోయా."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే దిమ్మలు బిగించేసి నన్ను ఇంట్లో కూలేస్తావు." నవ్వబోయి, ఆయాసం వచ్చి ఆగిపోయింది.

"ఎప్పటినుంచి?"

ఆమె రోడ్డు మీది రాళ్ళ వంక చూసింది.

"మొదట్లో ఒక్కటి సరిపోయేది."

అతను వెనక్కి వెళ్ళాడు. ట్రాలీ చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, పిన్ను లాగేసి ట్రాలీని విడదీశాడు.

"పలకలో?" అంది ఆమె.

"ఎవడెత్తుకుపోతాడు?"

కోటు విప్పించి, ఆమెను తన పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టాడు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి తాకాయి.

ఎత్తు దాటారు. అక్కడినుంచి టౌన్ ఆసుపత్రి దాకా రోడ్డు చదును. మొదటి గేరులోనే పోనిస్తున్నాడు.

"ఖాళీ బండే కదయ్యా, గేరు మార్చు," అంది ఆమె.

గేరు మార్చాలంటే మోచెయ్యి వదలాలి.

అతను మార్చలేదు.