కింది నుంచి పైకి

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత రంపాలను నడిపే ప్రోగ్రాం శేషాద్రి రాసిందే. పైన ఒక తల్లి ప్రోగ్రాం, దాని కింద రంపానికొక పిల్ల ప్రోగ్రాం. ఆపేటప్పుడు పిల్లల్ని ముందు ఆపాలి, తల్లిని చివర. పోయిన వారం తొందరపడి తల్లిని ముందు ఆపినాడు. అడిగే దిక్కులేక పిల్లలు తెల్లవార్లూ రాయి కోస్తానే ఉన్నాయి.

ఈ రాత్రి ఆ తప్పు సరిదిద్ది, రంపాలన్నీ తిప్పి చూస్తున్నాడు. ఇంకా ఆపమని చెప్పనే లేదు, షెడ్డులో ఒక రంపం ఆగిపోయింది.

"మామా, లోపల ఎవరన్నా ఉండారా?" ఆఫీసు కిటికీలోంచి వాచ్‌మన్ ఆంజనేయులును కేకేసినాడు.

"ఎవరుంటారు అల్లుడా? తాళం నా మొలతాడుకే ఉంది."

ఇంకో రంపం ఆగింది. తర్వాత ఇంకోటి. స్క్రీన్ మీద పిల్లలు కింది నుంచి పైకి, అతను రాసిన వరసలోనే పోతున్నాయి. ఆపుతున్నది ఎవరని చూస్తే తన పేరే ఉంది. మామ తన పాస్‌వర్డ్ గానీ చూసినాడా?

ఆఖరి రంపమూ ఆగింది. అప్పుడే ఫోన్ మోగింది. భార్య కామేశ్వరి.

"పాప ఇప్పటిదాకా గుక్కపట్టి ఏడ్చిందండీ. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఉలుకూ పలుకూ లేదు."

శేషాద్రి స్క్రీన్ వైపు చూసినాడు, తల్లి ప్రోగ్రాం ఒక్కటే ఇంకా నడుస్తా ఉంది.

"ఫోన్ పెట్టొద్దు కామేశ్వరీ. నువ్వు మాట్లాడతానే ఉండు."