రోజుకు మూడు

స్కూటీకి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకముందే సుజన గొంతు లేచింది.

"పెద్దాయనా, మాత్రలు ఎక్కడ పారేసినావు? నిజం చెప్పు."

దుత్తలూరు అవతల ఆ పల్లెలో నారాయణయ్యను ఇంత మాట అన్నవాళ్లు ఇంతవరకు లేరు. దొడ్లో గొర్రెలకు మందు తాపుతున్నాడాయన. కొడుకు రాఘవ ఒక్కో జీవాన్ని పట్టి మూతి పైకెత్తుతుంటే, ఈయన గొట్టంతో గొంతులో పోస్తున్నాడు. ఆ గొట్టం చేతిలో అట్లాగే పట్టుకుని బయటికొచ్చాడు.

"పారెయ్యడమేంది? ఎవురు చెప్పినారు?"

"ఎవరో చెప్పాల్నా? నీ భార్య తెమడ రిపోర్టే చెప్తా ఉండాది. రెండు నెలలు మందు మింగితే టీబీ తగ్గాల. తగ్గకపోగా మొండికేసింది. ఈ మాత్రలకు ఇంక లొంగదంట. సరిగ్గా మింగకపోతేనే ఇట్లా అయ్యేది. మీటింగులో అందరి ముందర నిలబెట్టి డాక్టరుగారు నన్ను కడిగిపారేసినాడు."

ఆమె బాధ ఆమెది. టీబీ మందులిచ్చే పని కింద ఇరవై ఊళ్లు తిరగాలి. ఏ ఇంటి ముందరా పది నిమిషాలు నిలబడే తీరిక లేదు. నిలబడి ఉంటే ఈ కథే లేదు.

వసారాలో నులకమంచం మీద చెంచమ్మ లేచి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగకుండా దగ్గింది. దగ్గు ఆగాక చాలాసేపటికి గానీ మాట రాలేదు.

"ఒక్క దినం తప్పలేదమ్మా. పొద్దున్నే ఈయనే నోట్లో మాత్ర వేసి నీళ్లు తాపుతాడు. మా కూతురు రేణుకకు కానుపు దగ్గరకొచ్చె. పసిదానికి నేనే నీళ్లు పొయ్యాల. ఆ ఆశతోనే గదా మింగేది."

"మింగితే ఇట్లా ఎందుకుంటావు? ముప్పై ఎనిమిది కేజీల మనిషివి ముప్పై నాలుగుకు దిగినావు."

నారాయణయ్య లోపలికి పోయి దూలానికి వేలాడదీసిన సంచి తెచ్చి ఆమె ముందర గుమ్మరించాడు. అన్నీ ఖాళీ అట్టలు. ఒక్కటి కూడా పారెయ్యకుండా దాచాడు. సుజన ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఎక్కడా ఒక్క మాత్ర మిగల్లేదు.

"రోజుకు మూడని చెప్పినానా లేదా?"

"చెప్పినావు. మూడే వాడినాం. ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"ఒంటికి పోతే ఎర్రగా వచ్చేదా?"

"ఎందుకు రాదు? మొదట్లో మా రాఘవ గూడా ఎంత హడలిపోయినాడో."

మందు మింగిన గుర్తులన్నీ ఉన్నాయి. రోగం మాత్రం దిగలేదు. సుజనకు ఏం పాలుపోలేదు. కోపం దొడ్డి మీదికి మళ్లింది.

"అయినా దగ్గేది ఆ మూలనుండే పొట్టేలు ఒక్కటేగా. అన్నిటికీ ఎందుకు తాపతా ఉండావు?"

"ఒకదానికి దగ్గొస్తే పక్కనుండేవాటికి రాకుండా ఉంటుందా? తాపితే అన్నిటికీ తాపాల. లేకపోతే మంద మొత్తం చస్తుంది. మా నాయన కాలం నుంచి ఇదే పద్ధతి."

"జీవాల మీదుండే శ్రద్ధ పెళ్లాం మీద గూడా ఉంటే ఎంత బాగుండు."

నారాయణయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్ల కాపురంలో భార్యను చెయ్యెత్తి ఒక దెబ్బ కొట్టని మనిషి. జబ్బని తెలిసినప్పటి నుంచి మందను కొడుక్కి అప్పగించి మంచం పక్కనే కూర్చున్నాడు. ఆ మాట ఎందుకు పడాలో ఆయనకు అర్థం కాలేదు.

"తల్లీ, ఏమైనా తిట్టు. అది బతుకుతుందా, అది చెప్పు."

సుజన కొంచెం మెత్తబడింది.

"రేపే నెల్లూరు తీసకపోయి పెద్దాసుపత్రిలో చేర్చాల. అక్కడ కొత్త మాత్రలు ఇస్తారు. చాలా గట్టి మందులు. ఈసారన్నా సరిగ్గా వాడండి. వాటిక్కూడా లొంగకపోతే ఇంక చేసేదేం లేదు పెద్దాయనా, మనిషి దక్కదు."

చెంచమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నారాయణయ్య ఖాళీ అట్టలన్నీ ఏరి మళ్లీ సంచిలో వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే చూపించాలి కదా.

సుజన స్కూటీ సీటు మీద ఫారం పరిచి, గబగబా నింపడం మొదలుపెట్టింది. పేరు, వయసు, బరువు. జబ్బు ఎందుకు మొండికేసిందో రాయాల్సిన గడి దగ్గర క్షణం కూడా ఆగలేదు. 'రోగి మందులు సక్రమంగా వాడలేదు' అని రాసేసింది. ఆ గడిలో ఎప్పుడూ రాసేది అదే. ఇంకా మూడు ఊళ్లు తిరగాలి. కింద ఇంకొక గడి మిగిలింది. రెండు నెలల కిందట, ఇదే స్కూటీ దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నే. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంట్లో ఎంతమంది?"

నారాయణయ్య రెండు చేతులూ జోడించాడు.

"ఆనాడు నువ్వడిగినప్పుడు ముగ్గురం తల్లీ, అందుకే గదా రోజుకు మూడిచ్చినావు, తలా ఒకటి మింగినాం. నిన్న మా రేణుక కానుపుకొచ్చి ఉండాది, ఈసారి రోజుకు నాలుగు రాయించు."